ఆగిపోయిన రేషన్ కార్డును, పింఛనును తిరిగి రాబట్టుకునే పద్ధతి

నెల మొదట్లో చౌకధరల దుకాణానికి వెళ్లి వేలు పెడితే యంత్రం కార్డే లేదంటుంది. డీలరును అడిగితే పైనుంచే తీసేశారని, తన చేతిలో ఏమీ లేదని చెబుతాడు. మీసేవ కేంద్రానికి వెళ్తే అక్కడి కుర్రవాడు తెర చూసి, సిస్టమ్‌లో ఇనాక్టివ్ అని చూపిస్తోందంటాడు. తహసీల్దారు కార్యాలయంలోని కంప్యూటర్ ఆపరేటరు ఇది హైదరాబాదులో జరిగిందని, తన లాగిన్‌లో ఆ ఆప్షనే లేదని తేల్చేస్తాడు. ఈ ముగ్గురూ చెప్పింది చాలావరకు నిజమే. డీలరు కేవలం లైసెన్సుదారు, మీసేవ నిర్వాహకుడు కమీషను మీద పనిచేసే ప్రైవేటు వ్యక్తి, ఆపరేటరు జీతం చాలాచోట్ల ఒక ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ నుంచి వస్తుంది. మీ పేరును తీసేయమని సూచించిన సాఫ్ట్‌వేరును రాసింది మరో ప్రైవేటు కంపెనీ కావచ్చు. వీరిలో ఎవరికీ మీ బియ్యాన్ని గాని పింఛనును గాని ఆపే చట్టబద్ధమైన అధికారం లేదు. ఆ అధికారం ఒక ప్రభుత్వ అధికారికి మాత్రమే ఉంటుంది, ఆయన దాన్ని కారణం చూపించి, రాతపూర్వకంగా వాడాలి. అందుకే ఈ వ్యవహారంలో మీరు చేయవలసిన పనంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ నిర్ణయం మీద సంతకం ఎవరిది?

తెలంగాణలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాహనాలు, భూములు, ఉద్యోగాలు, పన్నులు, కరెంటు కనెక్షన్లు వంటి వేర్వేరు శాఖల డేటాను కలిపి ఒక్కో కుటుంబానికి ఒక చిత్రం తయారుచేసే ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను రాష్ట్ర ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థ సాఫ్ట్‌వేరు సాయంతో నడిపింది. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. తమను ఎవరూ అడగలేదని, నోటీసు కూడా ఇవ్వలేదని కార్డుదారులు మొత్తుకున్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కంప్యూటరు లెక్కను నమ్మి ఊరుకోకుండా రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలని రాష్ట్రాన్ని ఆదేశించింది. ఆ తర్వాత పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలను తప్పుగా తొలగించినట్టు తేలింది. మీ అర్జీలో ఈ ఆదేశాన్ని ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించండి. ఇంటికి వచ్చి విచారించకుండా కార్డు తీసేయడం సరికాదని అడగడానికి మీకున్న బలమైన ఆధారం అదే.

యంత్రం ఎక్కడ పొరపడుతుంది

తప్పు ఎలా జరుగుతుందో తెలిస్తే దాన్ని దిద్దించే కాగితం ఏదో కూడా తెలుస్తుంది. ఒక్కో శాఖ మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తనకు తోచినట్టు రాసుకుంది. లక్ష్మి అనే పేరులోని ‘క్ష’ను ఒకచోట కె, ఎస్, హెచ్ అనే మూడు అక్షరాలతో రాస్తారు, మరోచోట ఒక్క ఎక్స్‌తో ముగిస్తారు. ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉంటే వాహనం పత్రంలో పొడి అక్షరంగా మిగులుతుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అందుకని సాఫ్ట్‌వేరు అచ్చంగా కలిసే పేర్ల కోసం కాకుండా, దగ్గర దగ్గరగా ఉన్న పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామాలను పోల్చి ‘ఇద్దరూ ఒకరే కావచ్చు’ అని ఊహిస్తుంది. ఒకే మండలంలో ఒకే పేరున్న వాళ్లు పదిమంది ఉండే మన ఊళ్లలో ఆ ఊహ ఒక్కోసారి గురి తప్పుతుంది. కారున్న వెంకటేశ్వర్లు శిక్ష ఆటో కూడా లేని వెంకటేశ్వర్లు మీద పడుతుంది.

రెండో రకం తప్పులో మనిషి సరైనవాడే, సమాచారం పాతది. అమ్మేసిన కారు పేరు మార్పిడి జరగక రికార్డుల్లో ఇంకా మీదే అయి ఉంటుంది. కొడుకు వేరు కాపురం పెట్టినా కార్డులో పేరు ఉండటంతో అతని ఆస్తి మీ లెక్కలోకి వస్తుంది. మూడు వాటాలున్న ఇంటికి ఒకే మీటరు ఉంటే మొత్తం యూనిట్లు ఒకే కుటుంబం కాల్చినట్టు నమోదవుతుంది. అన్నింటికంటే విడ్డూరమైనది మరొకటి ఉంది: ఔట్‌సోర్సింగ్ కార్మికుడి జీతం ప్రభుత్వ చెల్లింపుల సాఫ్ట్‌వేరు గుండా వస్తే, అతన్ని ప్రభుత్వోద్యోగిగా లెక్కగట్టి ఇంట్లో ముసలమ్మ పింఛను ఆపడం. ఉద్యోగ భద్రత అడిగినప్పుడు గుర్తుకురాని ప్రభుత్వోద్యోగం పింఛను ఆపేటప్పుడు మాత్రం గుర్తుకొస్తుంది.

ముందు ఆగినది ఏ రకమో తేల్చుకోండి

కార్డు ఆగిందన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. కార్డు ఉండి వేలిముద్ర పడకపోవడం, ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) కాలేదని కొందరి పేర్లు ఆపడం, కార్డును తాత్కాలికంగా నిలిపివేయడం, పూర్తిగా రద్దు చేయడం. పౌరసరఫరాల శాఖ వెబ్‌సైటులో కార్డు నంబరుతో స్థితిని చూసి, తేదీ కనిపించేలా ఆ పేజీని ముద్రించుకోండి. డీలరు యంత్రం ఇచ్చే చీటీ ఏదైనా ఉంటే పారేయకండి. మీసేవలో తెర మీద కనిపించిన మాటలను ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మాటలు రేపటికి మారిపోవచ్చు.

వేలిముద్ర సమస్య అయితే ఇంత యుద్ధం అవసరం లేదు. కూలి పనిచేసి వేళ్లు అరిగినవారికి, వృద్ధులకు వేలిముద్ర పడకపోతే కనుపాప, ఓటీపీ వంటి ఇతర పద్ధతుల్లో గుర్తించి సరుకు ఇవ్వాలని, అదీ కుదరకపోతే మినహాయింపుల రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలని 2017 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గ సచివాలయం స్పష్టంగా చెప్పింది. ఆధార్ అనుసంధానం కాలేదన్న ఒక్క కారణంతో అర్హుల పేర్లను తొలగించరాదని అంతకుముందు అక్టోబరులోనే ఆహార శాఖ రాష్ట్రాలకు తెలిపింది. డీలరు కాదంటే 1967 నంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి.

రద్దు లేదా నిలిపివేత అయితే అసలు పని మొదలవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘ఇదంతా ఎందుకు, కొత్త కార్డుకు పెట్టెయ్యండి’ అని కౌంటర్లో సలహా ఇస్తారు. పాత రికార్డులోని తప్పు దిద్దకుండా కొత్త దరఖాస్తు పెడితే అది కూడా అదే జల్లెడలో పడి తిరస్కరణకు గురికావచ్చు. పైగా పాత కార్డు సరిగ్గానే రద్దయిందని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది, మధ్యలో పోయిన నెలల గురించి అడిగే వీలూ సన్నగిల్లుతుంది. కాబట్టి ముందు పాత కార్డు పునరుద్ధరణనే కోరండి.

కారణాన్ని కాగితం మీదికి రప్పించడం

నోటిమాటగా చెప్పిన కారణంతో పోట్లాడలేం. నోటీసు ఏదీ రాకపోతే, మండలంలో తహసీల్దారుకు, హైదరాబాదు నగరంలో అయితే మీ సర్కిల్ పౌరసరఫరాల కార్యాలయానికి, సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే దరఖాస్తు పెట్టండి. ప్రాంతీయ అధికార భాషలో అడిగే హక్కును ఆ చట్టం 6(1) సెక్షనే ఇస్తుంది. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవారికి మినహాయింపు ఉంది గాని, దానికి రుజువుగా చూపవలసిన కార్డే రద్దయిన స్థితిలో ఆ వాదన పెట్టుకుని నెల పోగొట్టుకోవడం కంటే పోస్టల్ ఆర్డరు జతచేయడమే తెలివైన పని.

ప్రశ్నలను ఇలా రాయవచ్చు: ‘నా కార్డు స్థితిని ఏ తేదీన మార్చారు, ఆ మార్పును ఆమోదించిన అధికారి హోదా ఏమిటి? ఆ ఉత్తర్వు ప్రతిని, ఫైలు నోట్ ప్రతిని ఇవ్వగలరు. నన్ను ఏ ప్రమాణం కింద అనర్హుడిగా తేల్చారు, ఆ సమాచారం ఏ శాఖ నుంచి వచ్చింది, అందులో నాదిగా చూపిన వాహనం నంబరు, విద్యుత్ సర్వీసు నంబరు లేదా భూమి సర్వే నంబరు ఏది? రద్దుకు ముందు నాకు పంపిన నోటీసు ప్రతిని, అది నాకు అందినట్టు చూపే రుజువును ఇవ్వగలరు. మా ఇంటికి వచ్చి విచారణ చేసిన ఉద్యోగి హోదా, తేదీ, నివేదిక ప్రతి ఇవ్వగలరు.’ వీటిలో నంబరు అడిగిన ప్రశ్న ప్రాణం వంటిది. ‘కారు ఉంది’ అంటే మీరు లేదని తప్ప మరేమీ చెప్పలేరు. ఫలానా నంబరు కారు అంటే అది ఎవరిదో గంటలో తేల్చవచ్చు.

సాఫ్ట్‌వేరు ఎలా పనిచేస్తుందో, దాని ప్రోగ్రాం ఏమిటో అడగాలన్న ఆవేశం సహజమే. పౌర సంఘాలు ఆ పోరాటం చేయాలి కూడా. కానీ బియ్యం ఆగిన మనిషి ఆ దారి పట్టకూడదు. వాణిజ్య రహస్యం అన్న 8(1)(డి) సెక్షన్ చూపించి ఆ దరఖాస్తును పక్కన పెట్టడం సులువు. మీ గురించి వాళ్ల దగ్గర ఏముందో అడిగితే ఆ మాట చెప్పడం కష్టం. ఒకవేళ ‘వివరాలు కంపెనీ దగ్గర ఉన్నాయి, మా దగ్గర లేవు’ అని జవాబిస్తే, 2(జె) సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం నియంత్రణలో ఉన్న సమాచారం కూడా ఇవ్వవలసినదేనని మొదటి అప్పీలులో రాయండి. బాధితులకు నిర్ణయాల కారణాలు తెలపాలని 4(1)(డి) సెక్షన్ చెబుతోందని కూడా చేర్చండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ‘మా దగ్గర ఉత్తర్వు ప్రతి లేదు’ అన్న జవాబు వస్తే నిరాశ పడకండి. ఉత్తర్వు లేకుండా కార్డు తీసేశారని వాళ్లే రాసిచ్చినట్టు లెక్క.

ఏ ఆరోపణకు ఏ రుజువు

కారు ఆరోపణకు రవాణా శాఖ నుంచి ఆ వాహనం వివరాల పత్రం తీసుకోండి. అందులోని యజమాని పేరు, తండ్రి పేరు, చిరునామాలను ఎడమవైపు, మీ ఆధార్‌లోని వాటిని కుడివైపు రాసి ఒకే పేజీ పోలిక పట్టిక తయారుచేయండి. ఒకసారి మా వీధిలోని ఒక వృద్ధురాలి కోసం ఇలాంటి పేజీ రాశాం. కారు యజమాని భార్య పేరూ ఈమె పేరూ ఒకటే, భర్తల పేర్లు ఒకటే. ఊళ్లు మాత్రం 40 కిలోమీటర్ల దూరం, పైగా ఈమె భర్త చనిపోయి చాలా ఏళ్లయింది. నాలుగు నెలలు నోటితో చెప్పినా ఎవరికీ ఎక్కని విషయం ఆ పేజీని, మరణ ధ్రువపత్రాన్ని పక్కపక్కన పెట్టగానే ఉపతహసీల్దారుకు అర్థమైంది. కారు ఒకప్పుడు మీదే అయి అమ్మేసి ఉంటే, 29, 30 ఫారాలతో పేరు మార్పిడి పూర్తిచేయించడమే శాశ్వత పరిష్కారం. టాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఆంధ్రప్రదేశ్ ప్రమాణాల్లో వాటికి మినహాయింపు ఉంది, ఆర్సీ ప్రతి చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆరు అంచెల పరిశీలన’ పేరుతో నడిచిన ప్రమాణాలను తెలుసుకుని ఉండటం మంచిది: నెలసరి కుటుంబ ఆదాయం పల్లెల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేలు మించకూడదు, మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాలు, రెండూ కలిసినా పదెకరాలు దాటకూడదు, కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి, పట్టణంలో సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు ఉండాలి, ఆదాయపు పన్ను కట్టేవారు, పారిశుద్ధ్య కార్మికులు కాని ప్రభుత్వోద్యోగులు కుటుంబంలో ఉండకూడదు. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు, భూమి మాగాణి మూడున్నర ఎకరాలు, మెట్ట ఏడున్నర ఎకరాలు హద్దు.

కరెంటు విషయంలో మీ ఆధార్ ఇంటి యజమాని సర్వీసు నంబరుకు పొరపాటున జతపడిందేమో ముందు చూడండి. అద్దె ఒప్పందం, బిల్లులతో విద్యుత్ సంస్థ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కార్యాలయంలో అర్జీ ఇచ్చి ఆ జతను తీయించాలి. పన్ను విషయంలో రిటర్ను దాఖలు చేయడం వేరు, పన్ను కట్టడం వేరు. అప్పు కోసం ఏజెంటు వేయించిన రిటర్నులో చెల్లించవలసిన పన్ను సున్నా అని ఉంటే దాని ప్రతిని, మీ పేరున జమైన పన్ను వివరాలు చూపే 26ఏఎస్ పత్రాన్ని జతచేయండి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి అయితే ఏజెన్సీ నియామక పత్రం, జీతం చీటీ కావాలి. భూమికి 1బి అనే రెవెన్యూ పత్రం, ఆదాయానికి తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం సరిపోతాయి. చనిపోయినట్టు నమోదైతే స్వయంగా కార్యాలయానికి వెళ్లి, పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణతో పాటు అర్జీ ఇవ్వండి.

అర్జీ, ఆ పై మెట్లు

అర్జీ ఒక పేజీ దాటనవసరం లేదు. కార్డు నంబరు, ఆగిన నెల, చెప్పిన కారణం, అది ఎందుకు తప్పో రెండు వాక్యాలు, జతచేసిన కాగితాల వరస, ఆ తర్వాత కోరికలు. కోరికలను విడివిడిగా అడగాలి: కార్డును పునరుద్ధరించడం, విచారణ ముగిసేదాకా సరుకు ఇస్తూ ఉండటం, ఆగిన నెలలకు రావలసినది ఇవ్వడం, తప్పుడు సమాచారాన్ని మూల రికార్డులోనే సరిచేయడం. చివరిది అడగకపోతే మళ్లీ వడపోత జరిగినప్పుడు కథ మొదటికి వస్తుంది. తెలంగాణలో రేషన్ కార్డు ఆగితే 500 రూపాయల గ్యాసు, 200 యూనిట్ల ఉచిత కరెంటు కూడా చిక్కులో పడతాయి కాబట్టి, ఆ నష్టాన్నీ అర్జీలో రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రాకండి. అర్జీ తీసుకోబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపండి.

సోమవారాల్లో కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉపయోగపడతాయి గాని వాటి మీదే ఆధారపడకూడదు. అక్కడిచ్చిన అర్జీ తిరిగి అదే తహసీల్దారు కార్యాలయానికి వస్తుంది, అదే ఆపరేటరు అదే తెర చూసి ‘సిస్టమ్ ప్రకారం అనర్హులు’ అని రాసి పరిష్కరించినట్టు మూసేసే అవకాశం ఉంది. మీ ఫోనుకు అలాంటి సందేశం వస్తే, క్షేత్ర విచారణ జరగలేదని రాసి మళ్లీ తెరవమని కోరండి.

రేషన్ విషయంలో దీనికంటే పదునైన దారి 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టంలోనే ఉంది, దాన్ని వాడేవారు తక్కువ. 15వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. కలెక్టరేటులో ఆ హోదా ఎవరిదో కనుక్కుని, ఆ హోదా పేరుతోనే ఫిర్యాదు ఇవ్వండి. మామూలు అర్జీగా ఇస్తే మామూలు దొంతరలోకే పోతుంది. అక్కడి ఉత్తర్వు మీద 16వ సెక్షన్ కింద ఏర్పడిన రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా అధికారి సిఫారసు చేసిన ఊరటను సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ 5 వేల రూపాయల దాకా జరిమానా వేయగలదు. అందవలసిన ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం పొందే హక్కును 8వ సెక్షన్ ఇస్తోంది. ఆగిన నెలల గురించి అడిగేటప్పుడు ఈ సెక్షన్‌ను ఉదహరించాలి.

పింఛనుకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. పల్లెల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనరుకు అర్జీ ఇవ్వాలి. బకాయిలను పేరుపెట్టి అడగకపోతే పునరుద్ధరించిన నెల నుంచే ఇచ్చి ఊరుకోవచ్చు. దివ్యాంగుల పింఛనులో, సదరం ధ్రువపత్రంలోని వైకల్యం మళ్లీ పరీక్షించినప్పుడు 40 శాతం కంటే తగ్గిందని ఆపితే, కొత్త శాతాన్ని చూపే వైద్యుల నివేదిక ప్రతిని ముందు తీసుకుని, ఎంపీడీవో లేదా కమిషనరు దగ్గర అప్పీలు వేసి, పునఃపరీక్ష కోరాలి. పాత ధ్రువపత్రం, చికిత్స కాగితాలు అన్నీ పరీక్ష రోజున వెంట ఉండాలి.

ఏ మెట్టు మీదా పని జరగకపోతే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. నోటీసు ఇవ్వలేదు, మా మాట వినలేదు, కారణం చెప్పలేదు అన్న మూడు అంశాలే అక్కడ ముఖ్యం. వాటికి రుజువులు మీ దగ్గరున్న ముద్ర వేసిన ప్రతులు, సమాచార హక్కు జవాబులే. వకీలు ఖర్చుకు భయపడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవల కార్యాలయానికి నేరుగా వెళ్లవచ్చు. కుటుంబంలోని మహిళ పేరుతో వెళ్లడం సులువు, పైగా ఆహార భద్రత చట్టం 13వ సెక్షన్ ప్రకారం కార్డు విషయంలో ఇంటి పెద్ద కూడా 18 ఏళ్లు నిండిన మహిళల్లో అందరికంటే పెద్దామే.

కార్డు తిరిగి వచ్చిందని ఫోనులో సందేశం వచ్చాక కూడా పని కాస్త మిగిలి ఉంటుంది. కుటుంబంలో అందరి పేర్లూ తిరిగి వచ్చాయా, పిల్లల పేర్లు ఎక్కడైనా జారిపోయాయా, కార్డు మీ దుకాణానికే జతపడిందా అని చూసుకోండి. మొదటి నెల సరుకు తీసుకున్నప్పుడు యంత్రం ఇచ్చే రసీదులో ఎంతమందికి ఎన్ని కిలోలు పడిందో అక్కడే నిలబడి లెక్క చూసి, ఆ రసీదును అర్జీ ప్రతులతో పాటు అదే సంచిలో దాచండి.